కోత పడ్డప్పుడు మొదటి పేరు ఎవరిది? బిట్రగుంట రైలుకట్ట, యూనియన్లు, కులం

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో బిట్రగుంట ఉంది. కొండ మీది వెంకటేశ్వరస్వామి వల్ల భక్తులకు తెలిసిన ఊరే. కార్మికులకు మాత్రం అది బొగ్గు ఇంజన్ల ఊరు. మద్రాసు నుంచి బెజవాడకు పోయే రైలుమార్గంలో దాదాపు సగం దూరంలో ఉంటుంది. ఆవిరి ఇంజను అంత దూరం పరిగెత్తాక దానికి బొగ్గు పెట్టాలి, నీళ్లు పట్టాలి, బూడిద దులపాలి, డ్రైవరును మార్చాలి. అందుకే ఇక్కడ లోకో షెడ్డు పెట్టారు. షెడ్డు చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ అంగళ్లు, వాటికి దూరంగా గ్యాంగు కూలీల గుడిసెలు వెలిశాయి. ఆ ఊరి పటం చూస్తే చాలు, అది పల్లె పటానికి ఏమంత భిన్నంగా లేదని తెలిసిపోతుంది.

రైల్వే కార్మికోద్యమం మీద మనకు పుస్తకాలున్నాయి. నాయకుల జీవితచరిత్రలున్నాయి. వాటిలో సమ్మెలున్నాయి, లాఠీఛార్జీలున్నాయి, చర్చలున్నాయి, ఒప్పందాలున్నాయి. ఆ చరిత్రను కొట్టిపారేయడం మా ఉద్దేశం కాదు. యూనియన్ అనే మాట లేకపోతే ఈ దేశంలో ఎనిమిది గంటల పని లేదు, సెలవు లేదు, పింఛను లేదు. అది ఒప్పుకునే మొదలుపెడుతున్నాం. కానీ మాకో ప్రశ్న ఉంది. ఆర్థిక సంక్షోభం వచ్చి పైవాడు 'ఇంతమందిని తీసెయ్యాలి' అన్నప్పుడు ఆ జాబితాలో మొదటి పేరు ఎవరిది? యూనియన్ కొట్లాడింది నిజమే. ఎవరి కోసం కొట్లాడింది? ఆ జాబితా రాసే సూత్రం ఎవరిది? ఈ ప్రశ్నలతో 1930ల మాంద్యం నుంచి 1990ల సంస్కరణల దాకా బిట్రగుంట కట్ట మీద నడిచి చూద్దామనేది ఈ వ్యాసం ప్రయత్నం.

రైలు రాకముందు పోయిన పనులు

ఉద్యోగాలు పోవడం అనగానే ఫ్యాక్టరీ గేటు, నోటీసు బోర్డు గుర్తుకొస్తాయి. ఈ తీరంలో ఆ కథ అంతకంటే ముందే మొదలైంది. సముద్రపు ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని పడమటి మెట్ట ఊళ్లకు పోయి, ధాన్యానికి మారకం చేసి తిరిగొచ్చే జనం ఉండేవాళ్లు. ఎరుకలవాళ్లలో ఉప్పు ఎరుకలని ఒక తెగకు పేరే ఆ పని మీద నిలిచింది. ఉప్పు మీద కంపెనీ గుత్తాధికారం, తర్వాత ఉప్పు పన్ను, ఆ తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చి ఆ బిడారు వ్యాపారాన్ని నరికేశాయి. బతుకుతెరువు పోయినవాళ్లు దారి మీద కనపడితే సర్కారుకు దొంగల్లా కనపడ్డారు. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. స్టూవర్టుపురం, కావలి, కప్పరాళ్లతిప్ప సెటిల్మెంట్లు ఆ చట్టం పిల్లలే. కప్పరాళ్లతిప్ప ఈ బోగోలు మండలంలోదే. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ లంకెను స్పష్టంగా చూపించారు: వ్యాపారం పోగొట్టుకున్న తెగను మొదట నేరస్థులన్నారు, తర్వాత కంచెలోపల కూర్చోబెట్టి చవకకూలీలుగా మార్చారు.

బకింగ్‌హామ్ కాలువ సంగతీ అంతే. 1877-78 కరువులో కూలికి తవ్విన భాగం దానికి కలిసింది, 1878లో ఆ పేరు పెట్టారు. కాలువ మీద పడవలు సరుకులు మోసేవి. 1899 నాటికి మద్రాసు, బెజవాడల మధ్య రైలు నడిచింది. ఆ రోజు నుంచి కాలువ బేరం తగ్గుతూ పోయింది. పడవ లాగేవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు నోటీసు ఇచ్చినవాళ్లు లేరు. నష్టపరిహారం మాట ఎత్తినవాళ్లు లేరు. వాళ్లకు యూనియన్ లేదు కాబట్టి వాళ్లది 'ఉద్యోగం పోవడం' అని చరిత్రలో రాయలేదు. చరిత్రలో ఎక్కాలన్నా ముందు మస్టరులో పేరుండాలి. మా వాదనకు ఇది మొదటి మెట్టు.

పట్టా కింద మెట్లు

ఈ మార్గాన్ని నడిపింది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. 1908లో ఏర్పడింది. లైను సర్కారుది, నడిపేది లండన్‌లో బోర్డు ఉన్న కంపెనీ. ఎంఎస్ఎం అంటే నెల్లూరు జిల్లాలో పాత తరంవాళ్లకు తెలియని వాళ్లుండరు.

రైల్వేలో పనికి మెట్లున్నాయి. పైమెట్టు మీద తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు. డ్రైవర్లు, గార్డులు, ఇన్‌స్పెక్టర్లు ఎక్కువ భాగం వాళ్లే. తర్వాత స్టేషను మాస్టర్లు, గుమాస్తాలు, తారుబాబులు. ఇక్కడ బ్రాహ్మణులదీ, చదువుకున్న అగ్రకులాలదీ పైచెయ్యి. ఆ తర్వాత వర్క్‌షాపు: ఫిట్టర్లు, టర్నర్లు, బాయిలర్ పనివాళ్లు. చివరి మెట్టు మీద పలుగు, పార, గమేళా పట్టుకున్న గ్యాంగు. ఎండలో కంకర కూరడం, స్లీపర్లు మార్చడం, రెండు పట్టాల మధ్య నడుస్తూ కీలు బిగించడం వాళ్ల పని. షెడ్డులో బూడిద గుంటలో దిగి బూడిద ఎత్తడం, బొగ్గు గంపలు మోయడం, కక్కసులు కడగడం కూడా ఈ చివరి మెట్టు పనే. మాలలు, మాదిగలు రైల్వేలోకి వచ్చింది ముఖ్యంగా ఈ వాకిట్లోంచే.

ఆ వాకిలైనా చిన్నదని అనుకోకూడదు. పల్లెలో పాలేరుతనం చేసేవాడికి కొలుచు రూపంలో వచ్చే కూలి, అదీ ఆసామి దయ. రైల్వేలో నెలకింత అని చేతికి డబ్బు. ఆ డబ్బుతోనే పిల్లవాడు మిషను బడికి పోయాడు. ఆసామి పిలిస్తే 'డ్యూటీ ఉందయ్యా' అనగలిగే నోరు ఆ డబ్బే ఇచ్చింది. అందుకే ఒక గ్యాంగుమన్ పేరు కొట్టేస్తే పోయేది ఒక జీతం మాత్రమే కాదు. వాడు మళ్లీ ఆసామి గడప దగ్గరికి పోవాల్సొస్తుంది. ఫిట్టరు ఉద్యోగం పోతే అదీ కష్టమే, ఇంకో వర్క్‌షాపు వెతుక్కుంటాడు. గ్యాంగువాడి ఉద్యోగం పోతే వాడు తప్పించుకొచ్చిన చోటికే తిరిగి పోతాడు. ఉద్యోగం పోవడం అందరికీ ఒకటే అనే లెక్క ఇక్కడే తప్పింది.

మాంద్యం, కోత, సమ్మె

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ల బజారు కూలింది. దాని దెబ్బ పత్తి, వేరుశనగ, వరి ధరల మీదుగా మన పల్లెలకొచ్చింది. పంట ధర పడితే సరుకు రవాణా పడింది, రవాణా పడితే రైల్వే ఆదాయం పడింది. పెట్టుబడి మీద కట్టాల్సిన వడ్డీ మాత్రం తగ్గలేదు. రైల్వేలు పొదుపు మొదలుపెట్టాయి. పొదుపు అంటే మనిషిని తగ్గించడమే. 1931 నాటికి దేశం మొత్తం మీద రైల్వేల్లో దాదాపు 40 వేల మందిని తీసేశారు.

యూనియన్లు ఊరుకోలేదు. 1920ల మధ్యలో ఏర్పడిన అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌లో జమ్నాదాస్ మెహతా, మన తెలుగువాడైన వి.వి. గిరి ముందు వరసలో ఉన్నారు. ఫెడరేషన్ రైల్వే బోర్డుతో చర్చలు జరిపింది. 1929 కార్మిక వివాదాల చట్టం కింద విచారణ కోర్టు అడిగింది, 1931లో సాధించింది. దేశవ్యాప్త సమ్మె మీద ఓటు తీసుకునే దాకా పోయింది, ఆ సమ్మె మాత్రం జరగలేదు. 1929 నాగపూర్ మహాసభలో ఏఐటీయూసీ చీలిపోయి ఉంది. ఒకవైపు కోర్టుకు అర్జీ పెట్టే పంథా, ఇంకోవైపు బజారులోకి దిగే పంథా. ఆ రెండింటి మధ్య కార్మికుడు నలిగాడు.

మన లైనులో పోరాటం పెరంబూరు వర్క్‌షాపు నుంచి వచ్చింది. కోతకు వ్యతిరేకంగా 1932 అక్టోబరులో ఎంఎస్ఎం కార్మికులు సమ్మెకు దిగారు. వారాలు గడిచాయి, సంక్రాంతి దగ్గర పడింది. 1933 జనవరి తొలిరోజుల్లో సమ్మె విరమించారు. రెండు నెలలకు పైగా జీతం లేకుండా నిలబడటం చిన్న సంగతి కాదు. మాంద్యం రోజుల్లో, గేటు బయట వేలమంది పని కోసం నిలబడి ఉన్న రోజుల్లో, ఆ తెగువకు మేం దండం పెడతాం. రైల్వేల పొదుపు విధానం మాత్రం ఆ సమ్మెతో ఆగిపోలేదు.

ఇప్పుడు మా ప్రశ్నకొద్దాం. కోతను ఆపలేనప్పుడు యూనియన్ రెండు మాటలు పట్టుకుంది. ఒకటి, మనుషుల్ని తీసేసే బదులు పని దినాలు తగ్గించండి, ఉన్న పని అందరం పంచుకుంటాం. రెండు, తప్పదనుకుంటే చివర చేరినవాణ్ణి మొదట తియ్యండి, మీ ఇష్టమొచ్చినట్టు తియ్యొద్దు. రెండూ న్యాయమైన మాటలే. కాగితం మీద రెండింటికీ కులం లేదు. పనిలోకి దిగితే రెండింటికీ కులం అంటుకుంది.

పని దినాలు తగ్గించే పద్ధతి వర్క్‌షాపుకు సరిపోతుంది. అక్కడ మస్టరుంది, యంత్రముంది, వారానికి ఐదు రోజులో నాలుగు రోజులో అని లెక్క కట్టొచ్చు. కట్ట మీద పని అట్లా కాదు. ఉన్న పట్టాకు కాపలా రోజూ కావాలి. అందువల్ల గ్యాంగులో పొదుపు అంటే మనుషుల సంఖ్య తగ్గించి, మిగిలినవాళ్ల మీద ఇంకో మైలు పట్టా వేయడమే. మందిని పెట్టుకోవడం, తియ్యడం పట్టా ఇన్‌స్పెక్టరు చేతిలో, మేస్త్రీ నోట్లో ఉండేది. వాళ్లకు 'తీసేశారు' అనే కాగితమైనా రాదు. 'రేపట్నుంచి రావొద్దు' అంతే.

ఇక చివర చేరినవాడు మొదట పోవాలనే సూత్రం. మేస్త్రీ ఇష్టానికి, ఇన్‌స్పెక్టరు లంచానికి అడ్డుకట్ట అది. దాన్ని సాధించడానికి కార్మికులు నెత్తురు కార్చారు. కానీ చివర చేరింది ఎవరు? శతాబ్దాలుగా చదువుకు, ఆయుధానికి, అంగడికి, ఆఖరికి బావికి దూరంగా ఉంచినవాడే ఏ ఉద్యోగంలోకైనా చివర చేరతాడు. ఆలస్యంగా రావడం వాడి నేరం కాదు. తలుపు ఆలస్యంగా తీసినవాళ్లది నేరం. అయినా శిక్ష వాడికే. వరసక్రమం తప్పకుండా పాటించినా వరస మొదట్లో నిలబడే హక్కు లేనివాడే బయటకు పోతాడు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అదే మాంద్యంలో అమెరికాలో నల్లవాళ్లకు 'చివర పని, మొదట ఉద్వాసన' అనుభవమే. అక్కడి తెల్ల రైల్వే సోదర సంఘాలు నల్లవాళ్లను సభ్యులుగా చేర్చుకోలేదు. బొగ్గు వేసే ఫైర్‌మన్ పని మురికిది, వేడిది అనుకున్నంత కాలం దక్షిణాదిన అది నల్లవాళ్లకు వదిలేశారు. మాంద్యంలో తెల్లవాళ్లకూ పనులు కరువై ఆ పని మీదే కన్నుపడింది. 1930ల మొదట్లో మిసిసిపీ ప్రాంతంలో నల్ల ఫైర్‌మన్లను పొంచి కాల్చి చంపారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో నల్ల స్లీపింగ్‌కార్ పోర్టర్లు తమ యూనియన్ తామే పెట్టుకుని, 1937లో పుల్‌మన్ కంపెనీతో ఒప్పందం సాధించారు. చేర్చుకోని యూనియన్ ముందు బతిమాలుతూ కూర్చోలేదు.

మద్రాసు, బొంబాయి, మన్మాడ్

'సమ్మె అంటే అందరం ఒకటే' అనే మాటకు మద్రాసులోనే పరీక్ష జరిగింది. 1918లో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. 1921లో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల సమ్మె జరిగింది. ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది మళ్లీ పనిలోకి పోయారు. పుళియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. జస్టిస్ పార్టీ పెద్ద త్యాగరాయ చెట్టి ఆది ద్రావిడులను నగరం బయటకు పంపాలన్నంత దూరం పోయారు. ఎం.సి. రాజా ఆ పార్టీతో తెగతెంపులు చేసుకున్నారు.

కార్మిక చరిత్రకారుల్లో చాలామంది ఆది ద్రావిడుల్ని 'సమ్మె విచ్ఛిన్నకారులు' అనే ఒక్క మాటతో ముగించారు. మేం అట్లా ముగించలేం. సమ్మె కాలంలో తినడానికి ఊళ్లో చెక్కముక్క పొలం ఉన్నవాడికీ, అప్పిచ్చే బంధువున్నవాడికీ, ఏమీ లేనివాడికీ ఆకలి ఒకే రోజున రాదు. సమ్మె నిధి లేని యూనియన్ అందరినీ సమానంగా ఆకలితో ఉండమంటే అది సమానత్వం కాదు. దానికి తోడు, నిన్నటిదాకా పక్కన కూర్చుని అన్నం తిననివాడు ఈవేళ 'సోదరా' అని పిలిస్తే నమ్మడానికి కొంత కాలం పడుతుంది. యజమాని ఆ ఎడాన్ని వాడుకున్నాడు, నిజమే. ఎడాన్ని పుట్టించింది యజమాని కాదు.

బొంబాయిలో ఇంకో అనుభవం. బట్టల మిల్లుల్లో నేత శాఖలోకి అంటరానివాళ్లను రానివ్వరు. తెగిన దారాన్ని నోటితో పీల్చి ముడెయ్యాలి కాబట్టి మైలపడుతుందని సాకు. జీతం ఎక్కువ ఉన్న శాఖ అదే. 1928 సమ్మెలో డాక్టర్ అంబేడ్కర్ ఈ సంగతి సమ్మె నాయకుల ముందు పెట్టారు. యజమానికి వ్యతిరేకంగా కోర్కెల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా, కార్మికుడే తోటి కార్మికుడికి మూసిన తలుపు గురించి అందులో మొదట ఒక్క వాక్యం లేదు.

1938 ఫిబ్రవరి 12, 13 తేదీల్లో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభ జరిగింది. అంబేడ్కర్ అధ్యక్షత వహించారు. కార్మికుడికి ఇద్దరు శత్రువులున్నారనీ, ఒకటి బ్రాహ్మణీయం, రెండు పెట్టుబడిదారీ అనీ చెప్పింది ఆ సభలోనే. ఈ మాట మన సభల్లో తరచూ వినిపిస్తుంది. అదే ఉపన్యాసంలో రైల్వే పని గురించి ఆయన చెప్పిన వివరాలు మాత్రం అంతగా వినిపించవు. అంటరానివాళ్లు ఎక్కువగా గ్యాంగుమన్లుగానే మిగిలిపోతున్నారన్నారు. వాళ్లకు పోర్టరు పని కూడా ఎందుకు రాదో చెప్పారు. పోర్టరు స్టేషను మాస్టరు ఇంట్లో కూడా చాకిరీ చెయ్యాలి, అంటరానివాడైతే ఇంట్లోకి రానివ్వలేడు కదా! వర్క్‌షాపుల్లో నైపుణ్యమున్న పనులు కూడా వాళ్లకు అందడం లేదన్నారు. కార్మిక నాయకులు యజమాని అన్యాయం గురించి గంటలకొద్దీ మాట్లాడతారు గానీ, కార్మికుల మధ్య ఉన్న ఈ అన్యాయం గురించి నోరు విప్పరని నిలదీశారు.

అంబేడ్కర్ యూనియన్లు వద్దనలేదు. కార్మికులు సంఘటితం కావాల్సిందేననీ, రాజకీయాల్లోకి రావాల్సిందేననీ అన్నారు. అదే సంవత్సరం నవంబరు 7న బొంబాయిలో పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒకరోజు సమ్మె నడిపించారు. కలిసి నడవడానికి ఆయన ఎప్పుడూ సిద్ధమే. వెనక నడవడానికి మాత్రం సిద్ధంగా లేరు. ఈ తేడా మన కార్మిక నాయకులకు ఇప్పటికీ పూర్తిగా అర్థమైనట్టు లేదు.

హక్కుగా వచ్చిన వాటా

1931 కోతలో గ్యాంగుమన్‌కు చట్టపరమైన అడ్డు ఏదీ లేదు. 1934 జులైలో భారత ప్రభుత్వం కొలువుల్లో ముస్లింలకు 25 శాతం, ఇతర మైనారిటీలకు 8.33 శాతం నిర్ణయించింది. అణగారిన కులాలకు అంకె రాయలేదు. 1942లో అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడయ్యాక, 1943లో 8.33 శాతం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 12.5 శాతం, 1970లో 15 శాతం. ఎంఎస్ఎం 1951లో దక్షిణ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బిట్రగుంట లాంటి ఊళ్లలో గ్యాంగుమన్ కొడుకు గుమాస్తా కావడానికి, ఫైర్‌మన్ డ్రైవరు కావడానికి ఈ అంకెలే తలుపు తీశాయి. కార్మిక సంఘాల బేరసారాల వల్ల జీతాలు పెరిగాయి, రిజర్వేషన్ వల్ల మెట్లు ఎక్కగలిగారు. ఒకటి లేకుండా రెండోది చాలేది కాదు.

మెట్లు ఎక్కడం మొదలుపెట్టగానే ఎదురుదెబ్బ. పదోన్నతుల్లో రిజర్వేషన్ మీద రైల్వేలోనే వ్యాజ్యం నడిచింది. కోర్టుకు పోయింది యజమాని కాదు, తోటి ఉద్యోగులు. 1980 నవంబరులో సుప్రీంకోర్టు రైల్వే బోర్డు ఉత్తర్వులను సమర్థించింది. ఆ తీర్పు రాసినవారిలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఉన్నారు. కోతకు వ్యతిరేకంగా ఒకే జెండా కింద నిలబడినవాళ్లు ప్రమోషన్ జాబితా దగ్గరికొచ్చేసరికి కోర్టులో ఎదురెదురుగా కూర్చున్నారు. దళిత, ఆదివాసీ రైల్వే ఉద్యోగులు వేరే సంఘాలు పెట్టుకున్నది ఎవరో రెచ్చగొడితే కాదు, ఈ అనుభవం వల్లే.

బొగ్గు ఆరిపోయాక

1974 మే 8 నుంచి 27 దాకా రైల్వే సమ్మె. సుమారు 17 లక్షల మంది కార్మికులు. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వం. కోర్కెల్లో బోనసుంది, జీతాల సమానత్వముంది, క్యాజువల్ కార్మికుల్ని పర్మనెంటు చెయ్యాలనేదీ ఉంది. సర్కారు వేలమందిని జైల్లో పెట్టింది, కుటుంబాల్ని క్వార్టర్లలోంచి బయటకు నెట్టింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక ఉద్యోగాల నుంచి తీసేసినవాళ్లను వెనక్కి తీసుకున్నారు. పర్మనెంటు ఉద్యోగికి తిరిగి రావడానికి ఒక పేరుంది, ఒక పీఎఫ్ నంబరుంది. క్యాజువల్ కూలీకి ఉన్నది ఒక కార్డు ముక్క. లైను మీద పనిచేసేవాడు విరామం లేకుండా 120 రోజులు పూర్తిచేస్తే తాత్కాలిక హోదా ఇవ్వాలి. అందుకే అది పూర్తికాకముందే ఆపి, నాలుగు రోజులయ్యాక మళ్లీ పిలిచేవాళ్లు. రైల్వే కార్మికులందరికీ తెలిసిన కిటుకు అది.

ఆ కిటుకుకు గట్టి దెబ్బ 1985లో తగిలింది. ఇందర్‌పాల్ యాదవ్ కేసులో ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులకు తాత్కాలిక హోదా ఇచ్చే పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించింది. డివిజన్ వారీగా సీనియారిటీ జాబితా రాయాలనీ, తీసేయాల్సొస్తే చివర చేరినవాణ్ణే మొదట తియ్యాలనీ చెప్పింది. చూడండి, మేం పైన తప్పుపట్టిన సూత్రమే ఇక్కడ ఆదుకుంది. అందరూ కింది మెట్టువాళ్లే అయిన చోట సీనియారిటీ మేస్త్రీ ఇష్టాన్ని ఆపుతుంది. మెట్లున్న చోట అదే సీనియారిటీ పాత మెట్లను కాపాడుతుంది. కాబట్టి సూత్రాన్ని పారెయ్యమని మేం అనడం లేదు. దానికి పక్కన వాటా అనే రెండో సూత్రం ఉండాలంటున్నాం.

బిట్రగుంటకు అసలు కోత నోటీసు రూపంలో రాలేదు, తీగ రూపంలో వచ్చింది. 1980 ప్రాంతంలో ఈ మార్గం విద్యుదీకరణ అయింది. విద్యుత్ ఇంజన్ల షెడ్డు విజయవాడలో పెట్టారు. విద్యుత్ ఇంజనుకు బొగ్గు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, సగం దారిలో ఆగే పని లేదు. బిట్రగుంట షెడ్డు అవసరం తీరిపోయి మూతబడింది. పర్మనెంటు ఉద్యోగులకు బదిలీలు. డ్రైవరు విజయవాడకో గూడూరుకో పోయి కొత్త ఇంజను నేర్చుకుంటాడు. బొగ్గు గంప మోసినవాడికి నేర్చుకోవడానికి కొత్త ఇంజను లేదు. కాంట్రాక్టరు కింద బొగ్గు, బూడిద ఎత్తినవాళ్లకు బదిలీ అనే మాటే లేదు. క్వార్టర్ల ముందు అంగళ్లు మూతబడ్డాయి. రైల్వే భూములు ఖాళీగా పడున్నాయి, ఏదైనా పరిశ్రమ పెట్టమని ఊరు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. సాంకేతిక మార్పును ఆపమని ఎవరూ అనలేదు. మసిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడికి ఆ మార్పు సుఖమే. ఆ మార్పు లాభం ఒకరికీ, నష్టం ఇంకొకరికీ ఎందుకు పంచారనేదే ప్రశ్న.

1991: కనపడని కోత

1991లో దేశం దగ్గర విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకే సరిపోయే స్థితి వచ్చింది. బంగారం కుదువపెట్టారు. జులైలో కొత్త ఆర్థిక విధానం. 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టారు. ఉద్యోగం పోయినవాడికి కొత్త పని నేర్పడానికని చెప్పారు, చివరికి ఎక్కువ భాగం స్వచ్ఛంద పదవీ విరమణలకే ఖర్చయింది. యూనియన్లు 1991 నవంబరు 29న, 1992 జూన్ 16న దేశవ్యాప్త సమ్మెలు చేశాయి.

1931కీ 1991కీ తేడా ఉంది. అప్పుడు ఉన్న మనిషిని తీశారు. ఈసారి ఉన్న మనిషిని అలాగే ఉంచి, రాబోయే మనిషిని తీశారు. రిటైరైనవాడి కుర్చీ ఖాళీగా ఉంచితే చాలు, నోటీసు అక్కర్లేదు, సమ్మె రాదు. 1991లో రైల్వేల్లో దాదాపు 16.5 లక్షల ఉద్యోగులుంటే 2020 నాటికి 12.5 లక్షల చుట్టూ ఉన్నారు. పోయిన ఆ నాలుగు లక్షల కుర్చీల్లో 15 శాతం దళితులవి, 7.5 శాతం ఆదివాసీలవి కావాల్సినవి. శుభ్రం చేసే పని, మూటల పని, పట్టా పనిలో కొంత కాంట్రాక్టరుకు పోయింది. కాంట్రాక్టరు దగ్గర రిజర్వేషన్ లేదు, సీనియారిటీ లేదు. ఆ పని చేసేది మాత్రం మళ్లీ మనవాళ్లే. అంటే పని పోలేదు, పనిలోంచి హక్కు పోయింది.

యూనియన్ ఎవరి సంస్థ? సభ్యులది. సభ్యుడంటే ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాడు. రాని ఉద్యోగానికి సభ్యుడు లేడు. అందుకే 1990ల కోత మీద యూనియన్ల పోరాటం ఉన్నవాడి బోనసును, పింఛనును కాపాడటం దగ్గర గట్టిగా నిలబడింది, ఖాళీ కుర్చీ దగ్గర మెత్తబడింది. ఇందులో ఎవరి దుర్మార్గమూ వెతకక్కర్లేదు. సంస్థ నిర్మాణమే అట్లా ఉంది. ఉప్పు ఎరుకల మస్టరులో పేరు లేనందుకు చరిత్రలోంచి జారిపోయారు. వందేళ్ల తర్వాత ఖాళీ కుర్చీ కూడా అట్లాగే జారిపోతోంది.

విభజన ఎవరు చేశారు?

ఇదంతా చెప్తే ఒక మాట తప్పకుండా వస్తుంది: 'మీరు కార్మికవర్గాన్ని చీలుస్తున్నారు.' కులం మాట ఎత్తేవాళ్లందరికీ ఎదురయ్యే మాటే ఇది. కులం ఉపరితలం, పునాది మారితే అదే మారిపోతుందని ఇంకొందరు ఓపిక పట్టమంటారు. రైలుకట్ట చరిత్ర దీనికి జవాబు. పెట్టుబడి మారింది, కంపెనీ పోయి సర్కారు వచ్చింది, బొగ్గు పోయి కరెంటు వచ్చింది. పునాది ఇన్నిసార్లు మారినా పలుగు పట్టిన చేతుల కులం పెద్దగా మారలేదు. చీలిక మేం పుట్టించింది కాదు. గ్యాంగు గుడిసెకూ క్వార్టరుకూ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి చెప్పడమే మేం చేసింది.

కాబట్టి యూనియన్ల నుంచి మేం అడిగేవి కొన్ని ఉన్నాయి. కోత మీద చర్చకు కూర్చున్నప్పుడు ఎంతమంది అని మాత్రమే కాదు, ఏ మెట్టు మీదివాళ్లు, ఏ కులంవాళ్లు అనే లెక్క కూడా బల్ల మీద పెట్టాలి. కోతకు ముందున్న వాటా కోత తర్వాత కూడా ఉండాలి. కాంట్రాక్టు కార్మికుణ్ణి సభ్యుడిగా చేర్చుకోవాలి, అతని కోర్కెను జాబితాలో చివర కాదు, మొదట రాయాలి. సమ్మెకు పిలిచేముందు, పొయ్యి మీద ఎసరు పెట్టే స్తోమత లేనివాడి ఇంటికి సమ్మె నిధి చేరాలి. రాని ఉద్యోగాన్ని పోయిన ఉద్యోగంగా లెక్కగట్టాలి.

ఇప్పుడు కూడా మద్రాసు నుంచి బిట్రగుంటకు రైలొస్తుంది. ఆ రైలు దిగి నడిస్తే పాత రోజుల ఆనవాళ్లు కనిపిస్తాయి. వాటిని చూసి ఆవిరి యుగం గురించి ముచ్చట పడేవాళ్లున్నారు, పడనివ్వండి. మాకు మాత్రం కట్ట మీద నడుస్తున్న మనిషి కనిపిస్తాడు. ఇప్పుడు అతన్ని ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు. భుజం మీద సుత్తి, చేతిలో జెండా, కాళ్ల కింద అదే కంకర. పేరు మారింది. వచ్చే సంక్షోభంలో జాబితా రాసేటప్పుడు ఆ మనిషి పేరు ఎక్కడ రాస్తారు, ఆ జాబితా చదివినప్పుడు యూనియన్ ఏమంటుంది అనే దాన్నిబట్టే మన కార్మికోద్యమం ఎంత మారిందో తేలుతుంది.